శరీరదాత ఆచార్య హాల్డేన్

దానములు పెక్కు విధములు. ఆకలిగొన్నవానికి అన్నము, చదువుకొనగోరువానికి విద్య, రోగికి ఔషధము ఒసగుట ఉత్తమ దానములని మన పెద్దలు చెప్పిరి. వీనియన్నింటికంటె భిన్నమైన దానము మరియొకటి కలదు. వజ్రాయుధ నిర్మాణమునకై తన యెముకలనే యిచ్చిన దధీచి మహర్షి కథను మన బాలబాలికలు చిన్ననాటినుండి వినుచునే యున్నారు. అది పురాణగాథ. అట్టి దానమే మన కాలమునకు సమీపముననే, మనము నివసించుచున్న ఈ ఒడిశా రాష్ట్రముననే జరిగినదనియు, దానిని స్వీకరించినది కాకినాడలోని యొక వైద్యకళాశాల యనియు చాలమందికి తెలియదు. ఆ దాత ఆంగ్లదేశమున పుట్టి, భారతపౌరుడై, భువనేశ్వరమున కన్నుమూసిన జీవశాస్త్రజ్ఞుడు జాన్ బర్డన్ శాండర్సన్ హాల్డేన్. ఆయన జీవితమును మా విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును సంగ్రహముగా తెలుపదలచి ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

బాల్యము, విద్య

హాల్డేన్ 1892వ సంవత్సరము నవంబరు 5వ తేదీన ఆక్స్‌ఫర్డు నగరమున జన్మించెను. తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ శ్వాసక్రియను గూర్చి పరిశోధించిన ప్రసిద్ధ శాస్త్రజ్ఞుడు. బొగ్గుగనులలో ప్రేలుళ్ళు సంభవించినపుడు కార్మికులు ఏ వాయువు వలన మరణించుచున్నారో కనుగొనుటకై ఆయన స్వయముగా గనులలోనికి దిగెడివాడు. విషవాయువుల ప్రభావమును తెలిసికొనుటకు వానిని తానే పీల్చి చూచెడివాడు. ఇతరులను అపాయమునకు గురిచేయుటకంటె తన శరీరముపైననే ప్రయోగము చేయుట మేలని ఆయన నమ్మకము. ఈ గుణము కుమారునకు పిత్రార్జితమువలె సంక్రమించినది.

తండ్రి బాలుని గనులకు వెంటబెట్టుకొని పోవుచుండెను. ఒకనాడు గనిలో పైకప్పు దగ్గర మండెడి వాయువు చేరియున్న చోటికి తీసికొనిపోయి, నిలువబడి షేక్స్‌పియరు నాటకములోని యొక ప్రసంగమును అప్పగింపుమనెను. బాలుడు కొన్ని పంక్తులు చెప్పునంతలో ఊపిరి సలుపక కాళ్ళు తడబడి నేలగూలెను. నేలపై మంచిగాలి యుండుటచే వెంటనే తేరుకొనెను. గనిలోని ఆ వాయువు గాలికంటె తేలికయైనదనియు, అది పైభాగమున నిలుచుననియు ఆ బాలుడు ఆజన్మాంతము మరువని విధముగా నేర్చుకొనెను. పాఠమును ఇట్లు నేర్పుమని మేము ఎవరికిని సలహా యీయము. కాని పుస్తకములో చదివినదానికిని, శరీరము అనుభవించి తెలిసికొన్నదానికిని గల భేదమును ఆయన ఇట్లు పసితనముననే గ్రహించెను.

ఈటన్ పాఠశాలయందును, ఆక్స్‌ఫర్డులోని న్యూ కాలేజియందును ఆయన చదివెను. గణితమును, ప్రాచీన గ్రీకు లాటిను వాఙ్మయమును అభ్యసించి 1914లో పట్టము పొందెను. తరువాత ప్రపంచమంతటను జీవశాస్త్రజ్ఞుడుగా ప్రసిద్ధికెక్కిన ఈయనకు విజ్ఞానశాస్త్రమున పట్టమే లేకుండుట మన విద్యార్థులు గమనింపదగిన విషయము. విజ్ఞానమును ఆయన యింటివద్దనే సంపాదించెను. చెల్లెలు నవోమితో కలిసి గినీపందులను పెంచి, వాని సంతతిలో రంగులు ఏ విధముగా వచ్చుచున్నవో లెక్కించి వ్రాసికొనెడివాడు. ఆ చెల్లెలు తరువాత ప్రసిద్ధ రచయిత్రి యయ్యెను.

యుద్ధరంగము

1914లో మొదటి ప్రపంచ యుద్ధము ఆరంభమయ్యెను. హాల్డేన్ స్కాట్లండు పదాతిదళమున అధికారిగా చేరి ఫ్రాన్సులో పోరాడెను. 1915 ఏప్రిలులో శత్రుసైన్యము క్లోరిన్ వాయువును ప్రయోగింపగా వేలకొలది సైనికులు ఉక్కిరిబిక్కిరి యయిరి. దానికి ప్రతిక్రియ కనుగొనుటకై ప్రభుత్వము ఆయన తండ్రిని ఫ్రాన్సునకు పంపెను. తండ్రి కుమారుని యుద్ధభూమినుండి పిలిపించెను. వారును, మరికొందరు స్వచ్ఛందముగా వచ్చినవారును మూసిన గదిలో క్లోరిన్ నింపి, ముసుగులు ధరించియు, ధరింపకయు ఎంతసేపు పని చేయగలరో పరీక్షించిరి. సైనికులకు పనికివచ్చు ముసుగును రూపొందించుటకు ఆ పరీక్షలు తోడ్పడెను.

తరువాత ఆయన మెసపొటేమియా రణరంగమున గాయపడి, కోలుకొనుటకై భారతదేశమునకు వచ్చెను. ఈ దేశమును ఆయన చూచుట అదియే మొదటిసారి. ఆనాడు పాలకజాతివాడుగా వచ్చినవాడు, నలువది యేండ్ల తరువాత మన పౌరుడగుటకై మరల వచ్చెను.

పరిశోధనలు

యుద్ధానంతరము హాల్డేన్ ఆక్స్‌ఫర్డునందును, 1923 మొదలు కేంబ్రిడ్జియందును అధ్యాపకుడుగా పనిచేసెను. రక్తమున ఆమ్లగుణము పెరిగినచో దేహమునకేమగునో తెలిసికొనుటకై అమ్మోనియం క్లోరైడు ద్రావణమును త్రాగెను. దాని వలన రోజులతరబడి ఆయాసపడెను. మూగజంతువునకు తలనొప్పి వచ్చినను అది చెప్పజాలదు, మనుష్యుడు తాననుభవించినదానిని చెప్పగలడు. కనుక ఇట్టి పరీక్షలకు తన శరీరమే తగినదని ఆయన భావించెను.

ఆయన కీర్తికి ముఖ్యకారణము గణితమును జీవశాస్త్రమునకు జోడించుట. డార్విను చెప్పిన ప్రకృతివరణము ఎంత వేగముగా పనిచేయునో ఆయన లెక్కకట్టెను. మాంచెస్టరు ప్రాంతమున 1848లో మొదటిసారి కనబడిన నల్లని చిమ్మటలు, కర్మాగారముల పొగ వ్యాపించిన కొలది వృద్ధిచెంది, ఆ శతాబ్దాంతమునకు తెల్లని చిమ్మటలను ఇంచుమించు కనబడకుండ చేసెను. ఇట్లు జరుగవలెనన్న నల్లనివి తెల్లనివానికంటె ఒకటిన్నర రెట్లు సంతతిని మిగుల్చుకొనియుండవలెనని హాల్డేన్ 1924లో గణించి చూపెను. రోనాల్డ్ ఫిషరు, సీవాల్ రైట్ అను వారితోపాటు ఈయన పరిణామశాస్త్రమునకు గణితపు పునాది వేసిన మువ్వురిలో నొకడు. 1932లో రాయల్ సొసైటీ సభ్యత్వము లభించెను. 1949లో ఆయన మరియొక భావమును వెలిబుచ్చెను. మలేరియా ప్రబలిన ప్రదేశములలో కొన్ని వంశపారంపర్య రక్తవ్యాధులు అంతరింపక నిలిచియుండుటకు, వాని లక్షణమును కొద్దిగా కలిగినవారికి మలేరియానుండి రక్షణ కలుగుటయే కారణము కావచ్చునని ఆయన ఊహ. తరువాతి పరిశోధనలు ఈ భావమునకు బలము చేకూర్చినవి.

1933లో ఆయన లండనులోని యూనివర్సిటీ కాలేజియందు ఆచార్యుడయ్యెను. 1939 జూను 1వ తేదీన థెటిస్ అను జలాంతర్గామి మునిగి 99 మంది మరణించిరి. అందులోని గాలి ఏ విధముగా చెడి వారి ప్రాణములను తీసెనో తెలిసికొనుటకు హాల్డేన్ తానును, కొందరు మిత్రులును ఇనుపగదిలో మూసికొని పరీక్షించిరి. అధికపీడనమున ప్రాణవాయువును పీల్చినపుడు మూర్ఛ వచ్చి ఆయన వెన్నెముకకు దెబ్బ తగిలెను. ఆ బాధ జీవితాంతము ఆయనను విడువలేదు. నావికులు నీటిక్రింద క్షేమముగా పనిచేయుటకు కావలసిన జ్ఞానము ఇట్టి కష్టముల వలన లభించినది. ఇట్టి ప్రయోగములను విద్యార్థులు ఎన్నడును అనుకరింపరాదు. అవి వాయువుల స్వభావమును ఎరిగిన నిపుణులు, తోడివారు కనిపెట్టుచుండగా చేసినవి.

సామాన్యులకొరకు ఆయన వందలకొలది వ్యాసములు వ్రాసెను. 1937లో బాలలకొరకు లీకీ అను మాంత్రికుని కథలను రచించెను.

మహనీయుల జీవితమున లోపమును దాచుట మాకు సమ్మతము కాదు. రష్యాలో లైసెంకో అనునతడు రాజ్యబలముతో జన్యుశాస్త్రమును అణగద్రొక్కెను. దానిని నమ్మిన శాస్త్రజ్ఞుడు వావిలోవ్ 1943లో చెరసాలలో మరణించెను. కమ్యూనిస్టు పక్షమున సభ్యుడైన హాల్డేన్ ఈ యన్యాయమును వెంటనే గట్టిగా ఖండింపక తటపటాయించెను. 1950 ప్రాంతమున ఆ పక్షమునుండి తొలగెను. స్నేహితులు తప్పు చేసినపుడు సత్యము పలుకుట, విషవాయువును పీల్చుటకంటెను కష్టమని దీనివలన తెలియుచున్నది.

భారతదేశమున

1956లో సూయజ్ కాలువకై బ్రిటను ఈజిప్టుపై దాడి చేయుట హాల్డేనునకు రోత కలిగించెను. మరుసటి యేడు, 1957లో, ఆచార్య మహలనోబిస్ ఆహ్వానమునందుకొని, భార్య హెలెన్ స్పర్వేతో కూడ కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూటునకు వచ్చెను. హెలెను కూడ జీవశాస్త్రజ్ఞురాలే. హాల్డేన్ శాకాహారియై, పంచెయు కుర్తాయు ధరించి, మన ప్రాచీన గ్రంథములను శ్రద్ధతో చదువుచుండెను. 1961లో భారత పౌరసత్వమును స్వీకరించెను.

ఆ సంస్థయందు ఆనాడు పనిచేయుచున్నవారిలో సి. ఆర్. రావుగారు తెలుగువారు. నేటి కర్ణాటకములోని హడగలిలో జన్మించి, గణాంకశాస్త్రమున ప్రపంచఖ్యాతి గాంచిన మహామేధావి. హాల్డేను శిష్యులలో ద్రోణంరాజు కృష్ణ అను పిఠాపురపు యువకుడు కలడు. సీతాకోకచిలుకలు లంటానా పొదలపై ఏ రంగుపూవులను ఎక్కువగా ఆశ్రయించునో చూచి లెక్కించి ఆతడు వ్రాసిన వ్యాసము 1960లో నేచర్ పత్రికయందు వెలువడెను. దానికి విలువైన యంత్రములు అక్కరలేదు. కన్నులు, కాగితము, ఓపిక చాలును. మన దేశమున పరిశోధనకు కావలసినది ధనముకంటె పరిశీలన యని హాల్డేన్ శిష్యులకు బోధించుచుండెను. ఆ మాట మన పాఠశాలలకును వర్తించును.

1962లో హాల్డేన్ భువనేశ్వరమునకు వచ్చి, రాష్ట్రప్రభుత్వము నెలకొల్పిన జన్యుశాస్త్ర ప్రయోగశాలకు అధ్యక్షుడయ్యెను. ఆ నగరము ఆయన స్వస్థలము కాదు, అచ్చటి భాష ఆయన మాతృభాష కాదు. అయినను అచ్చటనే స్థిరపడి, అచ్చటి విద్యార్థులను తనవారినిగా చూచుకొనెను. తాతముత్తాతల కాలమునుండి ఒడియా సోదరుల నడుమ జీవించుచున్న మనకు ఈ విషయము ప్రత్యేకముగా హృదయమునకు హత్తుకొనును.

మరణము, దానము

కొంతకాలమునకు ఆయనకు పురీషనాళమున కాన్సరు వ్యాధి సోకినది. 1964లో లండనున శస్త్రచికిత్స జరిగెను. ఆస్పత్రిలో మంచముపై నుండియే ఆ వ్యాధిని గూర్చి హాస్యకవిత నొకదానిని వ్రాసి పత్రికకు పంపెను. రోగులు భయముతో వ్యాధిని దాచుకొనక వేళకు వైద్యునివద్దకు పోవలెననుట దాని తాత్పర్యము. కాని వ్యాధి తిరుగబెట్టెను. 1964 డిసెంబరు 1వ తేదీన, తన 72వ యేట, ఆయన భువనేశ్వరమున మరణించెను.

ఆయన మరణశాసనమున ఒక కోరిక కలదు. జీవించియుండగా పరిశోధనకును బోధనకును ఉపయోగపడిన తన శరీరము, మరణానంతరము తన కక్కరలేదు గనుక, ఆ కార్యములకే వినియోగింపబడవలెనని ఆయన కోరెను. శరీరము చెడిపోకుండ చల్లగా భద్రపరచుటకగు వ్యయమును తన ఆస్తినుండి మొట్టమొదట చెల్లింపవలెనని కూడ ఏర్పాటు చేసెను. ఆ ప్రకారము ఆయన దేహమును కాకినాడలోని రంగరాయ వైద్యకళాశాలకు చేర్చిరి. ఆ కళాశాల 1958లో ఏర్పడినది. అప్పటికి దాని వయస్సు ఆరు సంవత్సరములు మాత్రమే. రాయల్ సొసైటీ సభ్యుడైన మహాశాస్త్రజ్ఞుని శరీరమునుండి అచ్చటివారు నేర్చుకొనిరి. ఆయన అస్థిపంజరము ఆ కళాశాలయందు ఆయన పేరిట నున్న ప్రదర్శనశాలలో భద్రపరుపబడినది.

మృతదేహమువలన ప్రయోజనమేమి?

వైద్యవిద్యార్థి మొదటి సంవత్సరముననే మానవశరీర నిర్మాణమును నేర్వవలయును. పుస్తకములలోని పటములయందు ధమని ఎఱ్ఱగను, సిర నీలముగను, నరము పసుపుపచ్చగను ఉండును. నిజశరీరమున అట్టి రంగులు లేవు. అదియునుగాక ఏ ఇద్దరి శరీరములును సర్వవిధముల ఒక్కటిగా నుండవు. ఒకరి రక్తనాళము చీలినచోట మరియొకరిది చీలకపోవచ్చును. రేపు బ్రతికియున్న రోగిని కోయవలసిన చేయి నేడు పొరపడి నేర్చుకొనవలెనన్న, నొప్పి యెరుగని దేహమే దానికి తగిన గురువు. శరీరమును ఫార్మలిన్ మొదలగు ద్రవములతో చెడకుండ కాపాడి, విద్యార్థులు నెలలతరబడి కండరములను, నరములను, అవయవములను విడివిడిగా చూచి తెలిసికొందురు. పెద్ద వైద్యులు కూడ క్రొత్త శస్త్రచికిత్సలను మొదట ఇట్టి దేహములపై అభ్యసింతురు. వ్యాధి మెదడును, గుండెను ఏ విధముగా మార్చినదో పరిశోధకులు పరీక్షింతురు. ఎముకలు తరువాతి తరముల విద్యార్థులకు పాఠ్యపరికరములగును. నేత్రదానము వేరుగా జరుగును. మరణించిన కొద్ది గంటలలో కంటి ముందుభాగమున నుండు స్వచ్ఛపటలమును తీసి, అది దెబ్బతిని చూపు కోల్పోయినవారికి అతికింతురు.

ఇంత ప్రయోజనముండియు ఈ విషయమనిన జనులకు భయమేల? దానికి చరిత్రయందు కారణము కలదు. ఆంగ్లదేశమున 18వ శతాబ్దమున చేసిన చట్టము హంతకుల శవములను కోతకు ఇచ్చుట శిక్షగా విధించెను. ఆ శవములు చాలక దొంగలు సమాధులను త్రవ్వి అమ్ముకొనిరి. ఎడింబరోలో బర్క్, హేర్ అను ఇరువురు 1828లో శవవిక్రయమునకై వరుసగా హత్యలు చేసిరి. 1832లో వచ్చిన చట్టము ఈ ఘోరములను మాన్పినది కాని, బంధువులు కోరని శవములను, అనగా బీదవారి శవములను, కళాశాలలకు అప్పగించినది. మన దేశమునను 1949 నాటి బొంబాయి చట్టమువంటివి దిక్కులేని శవములను వైద్యకళాశాలలకు ఇచ్చుటకు వీలు కల్పించెను. శిక్షగానో, పేదరికమువలననో శరీరము కోతకు పోయినంతకాలము దానిని అవమానముగా జనులు తలచుటలో వింత లేదు.

ఈ కళంకమును తుడుచుటకు మార్గమొక్కటే. కాదనగలిగినవాడు తన యిష్టముచే ఇచ్చుట. న్యాయతత్త్వవేత్త జెరెమీ బెంథాం 1832లో మరణించుచు తన శరీరమును అట్లు ఇచ్చెను. వస్త్రములు తొడిగిన ఆయన అస్థిపంజరము లండను యూనివర్సిటీ కాలేజికి చేరినది. హాల్డేన్ ఇరువదినాలుగు సంవత్సరములు ఆచార్యత్వము నెరపినది ఆ కళాశాలయందే. హాల్డేన్ కోరినచో ఆయనకు ఘనమైన అంత్యక్రియలు జరిగియుండెడివి. నిరుపేదకు విధిలేక సంభవించెడిదానిని ఆయన తానుగా వరించెను. అందువలన కోతబల్లపై నున్న దేహము అనాథ యనెడి మాట పోయి, దాత యనెడి మాట వచ్చినది. ఆయన దానములో గొప్పతనము ఇదియే యని మా యభిప్రాయము. తెలుగువాడైన రాజకీయ నాయకుడు సీతారాం ఏచూరి 2024లో మరణించినపుడు ఆయన దేహమును కుటుంబమువారు ఢిల్లీలోని వైద్యసంస్థకు అప్పగించిరి. ఆయన పక్షముతో మనకు పొత్తుండనిండు, లేకుండనిండు, దానము దానమే.

తల్లిదండ్రులకు ఒక మాట. ఈ వ్యాసము ఎవరిని తొందరపెట్టుటకు వ్రాసినది కాదు. దహనము, ఖననము, కర్మకాండలు ఆయా కుటుంబముల విశ్వాసమునకు సంబంధించినవి. వానిని మేము తేలికగా చూడము. దేహమును ఒసగి, ఇతర కర్మలను యథావిధిగా జరుపుకొన్న కుటుంబములును కలవు. ఇవ్వదలచిన పెద్దలు జీవించియుండగనే వైద్యకళాశాల శరీరనిర్మాణశాస్త్ర విభాగమున పత్రము వ్రాసి, సాక్షుల సంతకములు చేయించి, ఆ మాటను ఇంటివారికి స్పష్టముగా చెప్పియుంచవలెను. మరణసమయమున కబురు చేయవలసినవారు కుటుంబమువారే. వారికి తెలియని పత్రము పెట్టెలోనే మిగిలిపోవును. కొన్ని అంటువ్యాధులచే మరణించినవారి దేహములను కళాశాలలు స్వీకరింపవు. ఈ విషయమును గూర్చి ఇంటిలో మాటలాడుకొనుట అశుభమని తలచుట వలననే చాల దానములు తలపుగానే ముగియుచున్నవి.

విద్యార్థులారా, మీరు పిన్నలు. దానపత్రము వ్రాయవలసిన వయస్సు మీకింకను రాలేదు. మీరు నేడు చేయదగినది వేరే కలదు. మీలో కొందరు రేపు వైద్యకళాశాలలో చేరుదురు. మొదటిదినమున మీ యెదుట బల్లపై నొక దేహముండును. అది హాల్డేనువంటి పండితునిది కావచ్చును, పేరైనను తెలియని బీదవానిది కావచ్చును. ఇష్టముతో ఇచ్చినవానికి కృతజ్ఞతయు, అడుగకయే తీసికొనబడినవానికి అంతకంటె ఎక్కువ గౌరవమును చూపుడు. ఆ దేహము నోరు విప్పదు, కోపింపదు, మీ పొరపాట్లను సహించును. అట్టి గురువునెదుట నవ్వులాటలు తగవు. అచ్చట శ్రద్ధగా నేర్చుకొన్న విద్యతో ఒక్క రోగి ప్రాణము నిలిపినను ఆ దాత ఋణము తీరును.